కింద కూర్చొని వాయించేవాళ్లకు పనికొచ్చే వయొలిన్ ట్యూనర్

హనుమకొండ, వరంగల్‌లో కర్ణాటక వయొలిన్ నేర్చుకునేవాళ్లు డాడారియో ఎన్‌ఎస్ మైక్రో వయొలిన్ ట్యూనర్ నిశ్చింతగా తీసుకోవచ్చు. దాన్ని బిగించే చోటే అందుకు పెద్ద కారణం. మామూలు క్లిప్ ట్యూనర్లు వయొలిన్ తలను పట్టుకుంటాయి. మన పద్ధతిలో ఆ తల కుడికాలి చీలమండ మీద ఆనుతుంది కాబట్టి క్లిప్ కాలికి ఒత్తుకుంటుంది, పక్కనున్న బిరడాను (తీగను చుట్టి బిగించే చెక్క పిడిని) కూడా కదిలిస్తుంది. పోనీ బ్రిడ్జికి, అంటే తీగల కింద నిలబడే చెక్కముక్కకు, తగిలిద్దామంటే ఆ బరువుకు నాదం మూగబోతుంది. ఇదైతే బాడీ అంచుకు బిగుస్తుంది. తెర మనవైపు తిప్పుకోవచ్చు. చెక్కలోని కదలికనే పట్టుకుంటుంది కాబట్టి క్లాసులో పక్కన నలుగురు వాయిస్తున్నా అంతగా తడబడదు.

తెర మీద కనిపించేవి ఇంగ్లిష్ స్వరాల పేర్లే. 1 శ్రుతికి స అంటే సి, ప అంటే జి. 2కి డి, ఎ. 5కి జి, డి. రెండున్నరకు డి షార్ప్, ఎ షార్ప్. ఆధార సంఖ్యను, అంటే ఎ స్వరానికి ట్యూనర్ లెక్కించే హెర్ట్జ్‌ను, 410 నుంచి 480 దాకా మార్చుకునే వీలుంది. చేయి తగిలి అది 440 నుంచి 442కి జరిగితే శ్రుతి మొత్తం దాదాపు 8 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) పైకి పోతుంది, శ్రుతిపెట్టెతో కలవదు. అందుకే వాడే ముందు ఆ అంకె ఒకసారి చూసుకోవాలి.

"ట్యూనర్ ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తోంది" అనే ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. చాలాసార్లు తేడా మన చేతిలోనే ఉంటుంది. తీగను గట్టిగా మీటితే మొదటి క్షణం స్వరం కాస్త పైన పలికి, ఆ తర్వాత దిగుతుంది. తీగ ఎక్కువగా ఊగినప్పుడు బిగువు పెరగడమే కారణం. కమానును బలంగా అదిమితే స్వరం కిందికి జారుతుంది. రెండున్నర శ్రుతికి దించిన వదులు తీగల మీద ఈ తేడాలు ఇంకా ఎక్కువ. కాబట్టి కచేరీలో ఎంత ఒత్తిడితో వాయిస్తారో అంతే ఒత్తిడితో, పొడవాటి కమానుతో ఖాళీ తీగను పలికించి, రెండు మూడు సెకన్లు నిలిచాక తెర చూడాలి. మీటి శ్రుతి చేస్తే కమాను పెట్టగానే తేడా వినిపిస్తుంది.

ముందు మధ్య షడ్జం, తర్వాత మంద్ర షడ్జం పెట్టండి. ప్రతిసారీ స్వరం కంటే కిందికి దించి, అక్కణ్ణుంచి పైకి ఎక్కించండి. పైనుంచి దించి ఆపితే తీగ నట్ (వేళ్ల పలకకు తలవైపు కొసన తీగలు ఆనే చిన్న పట్టీ) గాడిలో పట్టుకొని కాసేపటికి జారుతుంది. ఒక తీగ బిగిస్తే మిగతావి కొంచెం దిగుతాయి, అందుకని నాలుగింటినీ వరుసగా రెండుసార్లు శ్రుతి చేయాలి. మధ్యమధ్యలో బ్రిడ్జి వేళ్ల పలకవైపు ఒరిగిందేమో చూడండి.

పంచమాలను మాత్రం తెరకు వదిలేయకండి. 5 శ్రుతిలో మంద్ర స 196 హెర్ట్జ్ అయితే శుద్ధ పంచమం 294 ఉండాలి. ట్యూనర్ 293.66 దగ్గరే సరిపోయిందంటుంది. తేడా 2 సెంట్లే. అయినా రెండు తీగలు కలిపి లాగితే నాదంలో నెమ్మదైన అల ఊగుతుంది. ఫైన్ ట్యూనర్‌ను (తీగ కింది కొసనుండే చిన్న మరను) వెంట్రుకవాసి తిప్పుతూ ఆ అల ఆగేదాకా వినండి. ఆ పని ఈ ట్యూనర్ చేయదు, చెవే చేయాలి.

మే నెల ఎండకు చెక్క ఎండి బిరడాలు జారుతుంటే తప్పు ట్యూనర్‌ది కాదు. బిరడా తీసి, కాస్త సుద్ద రాసి, లోపలికి నొక్కుతూ తిప్పండి. వానల్లో బిగుసుకుపోతే సుద్దకు బదులు పొడి సబ్బు రాయాలి.