వత్తి, చెకుముకి, టోపీ: నోటినుంచి మందు కూరే తుపాకుల్లో ఏది మేలు?

బొబ్బిలి యుద్ధం మాటొస్తే మన వైపు చర్చంతా తాండ్ర పాపారాయుడి కత్తి దగ్గరే ఆగిపోతుంది. 1757 జనవరి 24న కోటను ముట్టడించిన ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యానికి ఫిరంగులూ తుపాకులూ ఉన్నాయి, కోటలోనివాళ్లకూ తుపాకులున్నాయి. ఆనాటి తుపాకుల్లో ఏది మేలంటే చాలామంది గొట్టం పొడవు, గుండు బరువు చూస్తారు. నేను మాత్రం ముందు చూసేది మందుకు నిప్పు ఏ దారిన అందుతోందన్నది.

మందు అన్నిట్లోనూ ఒకటే: పెట్లుప్పు, బొగ్గు, గంధకం. అది అంటుకుంటే పుట్టే వాయువే గుండును తోస్తుంది. ఆ ఒత్తిడి ఎంతన్నది పోసిన మందు, దాని పలుకు సన్నం, గొట్టంలో గుండు బిగువు తేలుస్తాయి. పలుకు సన్నమైతే త్వరగా మండి ఒత్తిడి ఒక్కసారిగా లేస్తుంది. గుండు వదులైతే వాయువు పక్కనుంచి జారిపోతుంది. నిప్పు పెట్టే పద్ధతి మారినంతమాత్రాన గుండు బలం పెద్దగా పెరగదు. మారేది నమ్మకం: మీట నొక్కితే పేలుతుందా, లేదా?

వత్తి తుపాకిలో పెట్లుప్పు నీళ్లలో తడిపి ఆరబెట్టిన తాడు నివురుగా కాలుతూ ఉంటుంది. మీట నొక్కితే కొక్కెం వంగి, ఆ నిప్పును పక్కనున్న చిన్న పళ్లెంలోని మందుకు తగిలిస్తుంది. అక్కణ్ణుంచి మంట సన్నటి రంధ్రం గుండా గొట్టంలోకి వెళుతుంది. కమ్మరి చేయగలిగిన పనితనం, ఊళ్లోనే పేనుకోగల తాడు. పొడి వాతావరణంలో దీని నిప్పు గట్టిది. చిక్కల్లా రగులుతున్న వత్తిని మందు పక్కనే పెట్టుకు తిరగడం. రాత్రి ఆ ఎర్రటి చుక్కే శత్రువుకు జాడ చెబుతుంది.

చెకుముకి తుపాకికి ఆ బాధ లేదు. రాయి ఉక్కు పలకను కొట్టగానే పళ్లెం మూత తెరుచుకుని నిప్పురవ్వలు మందు మీద పడతాయి. నిప్పు లేకుండానే సిద్ధంగా ఉంచుకోవచ్చు, సైనికులు భుజం భుజం కలిపి నిలబడొచ్చు. తర్ఫీదున్నవాడు నిమిషానికి మూడుసార్లు పేల్చగలడు. కానీ రాయి అరుగుతుంది, పళ్లెంలో మందు చెమ్మ పీలుస్తుంది. పైగా ఈ రెండు రకాల్లోనూ ఆ రంధ్రం తెరిచే ఉంటుంది, పేల్చిన ప్రతిసారీ కొంత వాయువు అటుగా పోతుంది. వాడేకొద్దీ రంధ్రం పెద్దదై ఒత్తిడి ఇంకా తగ్గుతుంది.

విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో తలపడి పద్మనాభంలో నేలకొరిగింది 1794 జూలై 10న, అంటే మన దగ్గర వానాకాలం. అలాంటి నెలలో తెరిచిన పళ్లెం మీద ప్రాణం పెట్టుకోవడం ఎంత కష్టమో ఊహించండి.

ఆ కష్టం తీర్చింది టోపీ. ఫోర్సిత్ అనే స్కాట్లండ్ మతగురువు 1807లో పేటెంట్ తీసుకున్న ఆలోచన, తర్వాత దెబ్బ తగిలితే భగ్గుమనే పదార్థం నింపిన చిన్న రాగి టోపీగా మారింది. సుత్తి కొడితే మంట బయటికి రాకుండా లోపలికే దూకుతుంది. సుత్తీ టోపీ కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి కనుక వాయువు నష్టమూ తక్కువే. 1834లో ఇంగ్లండ్‌లో చెరో 6,000 సార్లు పేల్చి చూస్తే చెకుముకి తుపాకులు 922 సార్లు, టోపీ తుపాకులు 36 సార్లు మాత్రమే పేలలేదు. 1841లో చైనాలోని కాంటన్ దగ్గర కుండపోత వానలో మద్రాసు 37వ పటాలం సిపాయిల చెకుముకి తుపాకులు మూగబోయాయి. టోపీ తుపాకులతో వచ్చిన బ్రిటిష్ నౌకాదళ సైనికులే (మెరైన్లు) వాళ్లను కాపాడారు.

అందుకే నా ఓటు టోపీకే. అయితే అది కర్మాగారం సరుకు. టోపీలు అయిపోతే ఆ తుపాకి ఉత్త దుడ్డుకర్ర. 1757లో ఉన్న రెండిట్లోనే ఎంచుకోమంటే, జనవరి పొడిలో కోటగోడ చాటు నుంచి పేల్చేవాడికి వత్తి తుపాకి తీసిపోదంటాను. బయలులో బారులు తీరి పోరాడేవాడికి మాత్రం చెకుముకే కావాలి.

ఒత్తిడి సంగతిలో ఇంకొక్క మాట. గుండు మందుకు ఆనకుండా మధ్యలో ఆగిపోతే గొట్టం ఉబ్బొచ్చు, చీలొచ్చు. నేటి పొగలేని మందు పాత గొట్టంలో పోస్తే తట్టుకోదు, పగిలిపోతుంది. ఏజెన్సీ ఊళ్లలో తాతలనాటి తుపాకి అటక మీద దొరికితే, లోపల మందూ గుండూ ఇంకా ఉన్నాయనే అనుకోండి. కదపకుండా, నిప్పును దగ్గరికి రానీకుండా పోలీసులకు చెప్పండి.