చెవి కింద గడ్డ: సన్న సూది చాలా, ముక్క తీయాలా?

చెవి కింద నొప్పి లేని గడ్డ మెల్లగా పెరుగుతుంటే చాలామంది గవదబిళ్లలేమో అనుకుని ఏదో పట్టు వేసి ఊరుకుంటారు. డాక్టర్ ఎఫ్‌ఎన్‌ఏసీ (సన్న సూదితో గడ్డలోంచి కణాలు తీసి చూసే పరీక్ష) రాసినప్పుడు మొదలవుతుంది టెన్షన్, "గుచ్చితే క్యాన్సర్ పాకుతుందట కదా!" అని. అంత సన్న సూదితో ఆ భయం దాదాపు అక్కర్లేదు.

నా ఓటు ముందు సన్న సూదికే. 23 నుంచి 25 గేజ్ సూది, మత్తు కూడా అక్కర్లేదు, గడ్డలో నాలుగైదుసార్లు ఆడించి వచ్చిన చుక్కను స్లైడు మీద పరుస్తారు, చాలాచోట్ల మర్నాటికల్లా రిపోర్టు. అది క్యాన్సర్ అని తేల్చిందంటే సాధారణంగా నమ్మొచ్చు (స్పెసిఫిసిటీ, అంటే క్యాన్సర్ లేనివాళ్లకు లేదనే చెప్పడం, సుమారు 97 శాతం). కాదన్నప్పుడే చిక్కు, ఎందుకంటే సెన్సిటివిటీ, అంటే ఉన్న క్యాన్సర్‌ను పట్టుకోవడం, 80 శాతం దగ్గరే ఆగుతుంది. తక్కువ గ్రేడు మ్యూకోఎపిడెర్మాయిడ్ క్యాన్సర్ (లాలాజల గ్రంథిలో వచ్చే ఒక రకం) ఉందనుకోండి, సూదిలోకి జిగురు వచ్చి కణాలు రాకపోతే మామూలు నీటితిత్తిలాగే కనిపిస్తుంది. ఎక్కువగా వచ్చే, క్యాన్సర్ కాని ప్లియోమార్ఫిక్ అడినోమా గడ్డలో జీమ్సా రంగు వేయగానే ముదురు గులాబీ పీచు, దాంట్లో చిక్కుకున్న కణాలు కనిపిస్తాయి, చూడగానే చెప్పేయొచ్చు. కానీ అదే గులాబీ పదార్థం అంచులు నున్నగా గోళీల్లా ఉంటే అడినాయిడ్ సిస్టిక్ క్యాన్సర్‌ని అనుమానించాలి, అది మాత్రం ముఖం నరం వెంట పాకే రకం.

కోర్ బయాప్సీ, అంటే 18, 20 గేజ్ లావు సూదితో ముక్క తీయడం, సెన్సిటివిటీలో 90 దాటుతుంది. కణాల అమరిక చెదరకుండా వస్తుంది, ఇమ్యునో పరీక్షలకు (కణం ఏ రకమో తేల్చే ప్రత్యేక రంగులు) సరుకు మిగులుతుంది, లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) అనుమానమైతే నేను దీనికే మొగ్గుతాను. అయితే లోకల్ మత్తు, అల్ట్రాసౌండ్, ఎక్కువ ఖర్చు, పరోటిడ్ (చెవి కింద ఉండే లాలాజల గ్రంథి) మధ్యలోంచి పోయే ముఖం నరం మీద ఒక కన్ను... ఇంత చేసినా, గడ్డ తన పొరను దాటి చొచ్చుకుపోయిందా లేదా అన్నది ఇదీ చెప్పలేదు. అది గడ్డ మొత్తం తీశాకే తెలుస్తుంది.

లాలాజల గ్రంథుల సూది పరీక్షను కేటగిరీలుగా రాసే, 2018లో వచ్చిన మిలాన్ పద్ధతిలో రిపోర్టు ఇస్తే కేటగిరీ చూడండి. ఒకటో కేటగిరీ అంటే సరిపడా కణాలు రాలేదని, అంతేగానీ నార్మల్ అని కాదు. అప్పుడు అల్ట్రాసౌండ్ చూస్తూ మళ్లీ గుచ్చించుకోవాలి, లేదా కోర్‌కి వెళ్లాలి.

ఇవేవీ వద్దు, పైన కత్తితో కోసి చిన్న ముక్క తీద్దాం అంటే మాత్రం పరోటిడ్ గడ్డకు ఒప్పుకోకండి, అడినోమా పొర చిట్లి లోపలిది చిందితే ఏళ్ల తర్వాత అక్కడే గింజల్లా మళ్లీ లేస్తుంది.