కాటా ఆగకుండా అప్‌డేట్: ఇన్నో సెటప్ మీద నా మాట

ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులకు, నూనె మిల్లులకు వేబ్రిడ్జి (బండ్లు తూచే కాటా) సాఫ్ట్‌వేర్ రాసిచ్చి, దాని బాగోగులు చూసుకోవడం నా పని. బండి కాటా ఎక్కగానే ఇండికేటర్ (బరువు చూపించే పెట్టె) నుంచి బరువు కంప్యూటర్‌లోకి రావాలి, చీటీ ప్రింట్ కావాలి. అంతే. ఆ సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ పంపడానికి నేను వాడేది ఇన్నో సెటప్. దాన్ని సెటప్ ఫైల్ తయారుచేసే ఉచిత టూల్‌గానే చాలామంది చూస్తారు. నేను మాత్రం ఇక్కడ ఒక్క విషయమే చెప్తాను. వాడకంలో ఉన్న ఫైల్ అడ్డం వస్తే అది ఏం చేస్తుంది, ‘కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి’ అనే మాట ఎప్పుడు అడుగుతుంది? మా పనిలో మిగతావన్నీ దీని తర్వాతే.

అంత పట్టింపు ఎందుకో తెలియాలంటే పత్తి సీజన్‌లో కాటా గదిలో కాసేపు నిలబడాలి. మిల్లు గేటు బయట ట్రాక్టర్లు, లారీలు వరస కట్టి ఉంటాయి. ఒక బండి లోడుతో ఎక్కి, గ్రాస్ తూకం ఇచ్చి, పత్తి దించడానికి లోపలికి పోయి ఉంటుంది. అది ఖాళీగా తిరిగొచ్చి టేర్ ఇస్తేనే నెట్ తేలేది, రైతుకు లెక్క కట్టేది. సరిగ్గా ఆ రెండు తూకాల నడుమ స్క్రీన్ మీద ఒక బాక్స్ వస్తుంది: ఇప్పుడే రీస్టార్ట్ చేయాలా, తర్వాతనా? ఆపరేటర్ ఫోన్ చేస్తాడు. “అన్నా, రీస్టార్ట్ కొట్టమంటాంది, కొట్టేదా వద్దా?” ఆ ప్రశ్నకు జవాబు ఆ అబ్బాయికి తెలిసే వీలే లేదు. అవును అంటే ఆ పాత కంప్యూటర్ మళ్ళీ లేచేదాకా బయట బండ్లన్నీ ఆగుతాయి. తర్వాత అంటే లోపల ఏ ఫైల్ మారిందో, ఏది మారలేదో తెలియదు. ఇన్‌స్టాలర్ తయారుచేసినవాడు తేల్చుకోవాల్సిన విషయాన్ని ఆపరేటర్ నెత్తిన రుద్దడం నాకు ససేమిరా నచ్చదు.

అసలు ఈ గొడవ ఎక్కడ మొదలవుతుందంటే, విండోస్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్ ఫైల్‌ను చెరపనివ్వదు. దాని స్థానంలో కొత్తది పెట్టబోతే ఇన్నో సెటప్ ‘డిలీట్‌ఫైల్ ఫెయిల్డ్, కోడ్ 5’ (అంటే చెరపడానికి అనుమతి లేదు) అని చూపించి, మళ్ళీ ప్రయత్నించాలా, ఈ ఫైల్‌ను వదిలేయాలా, మొత్తం ఆపేయాలా అని అడుగుతుంది. దీన్ని దాటడానికి మామూలుగా దారులు రెండు. ఆ ఫైల్‌ను పట్టుకున్న ప్రోగ్రామ్‌ను మూయించడం ఒకటి. కొత్త ఫైల్‌ను వేరే పేరుతో పక్కన పెట్టి, ‘ఈసారి బూట్ అయ్యేటప్పుడు పాతది తీసి ఇది పెట్టు’ అని విండోస్‌కు చెప్పి రావడం రెండోది. ఆ మాట రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) సెషన్ మేనేజర్ కింద, పెండింగ్ ఫైల్ రీనేమ్ ఆపరేషన్స్ అనే చోట నమోదవుతుంది. కంప్యూటర్ లేచేటప్పుడు, ఎవరూ ఆ ఫైల్‌ను ముట్టుకోకముందే, విండోస్ ఆ మార్పిడి చేసేస్తుంది. రీస్టార్ట్ అడిగేది ఇందుకే.

ఇన్నో సెటప్‌లో నాకు బాగా నచ్చింది మొదటి దారి. జోర్డాన్ రస్సెల్ దీన్ని 1997లో విడుదల చేశాడు. తర్వాత విండోస్ విస్టాతో రీస్టార్ట్ మేనేజర్ అనే ఏర్పాటు వచ్చింది. ఏ ఫైల్‌ను ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో చెప్పడం, దాన్ని మర్యాదగా మూయించడం, పనయ్యాక తిరిగి తెరవడం దాని పని. ఇన్నో సెటప్ దాన్ని వాడుకుంటుంది. ఇన్‌స్టాల్ ఎలా సాగాలో మనం రాసిచ్చే స్క్రిప్ట్‌లో క్లోజ్ అప్లికేషన్స్, రీస్టార్ట్ అప్లికేషన్స్ అనే రెండు లైన్లు మనం రాయకపోయినా ఆన్‌లోనే ఉంటాయి. ఇన్‌స్టాల్ మొదలుకాకముందే ఒక పేజీలో ‘ఈ ప్రోగ్రాములు ఫైల్స్ వాడుతున్నాయి’ అని పేర్లతో చూపించి, నేనే మూసేయనా అని అడుగుతుంది. సరే అంటే మా వేబ్రిడ్జి విండో మాయమవుతుంది, ఫైల్స్ మారతాయి, విండో మళ్ళీ వస్తుంది. గ్రాస్ తూగి లోపలికి పోయిన బండ్ల లిస్టు ఎక్కడిదక్కడే ఉంటుంది. కంప్యూటర్ రీస్టార్ట్ ఊసే రాదు.

ఇది ఊరికే జరగదు, సాఫ్ట్‌వేర్ వైపు కూడా పని ఉంది. మూసుకోమని విండోస్ కబురు పంపినప్పుడు ప్రోగ్రామ్ దాన్ని విని, చేతిలో ఉన్న తూకాన్ని డేటాబేస్‌లో రాసేసి తప్పుకోవాలి. తిరిగి తెరుచుకోవాలంటే ‘నన్ను మళ్ళీ లేపు’ అని ముందే విండోస్ దగ్గర నమోదు చేసుకుని ఉండాలి. ప్రోగ్రామ్‌లో రిజిస్టర్ అప్లికేషన్ రీస్టార్ట్ అనే ఒక్క ఆదేశం చాలు. అది రాయకపోతే ఇన్నో సెటప్ మూయగలదు కానీ తెరవలేదు. ఆ లోటు టూల్‌ది కాదు, ప్రోగ్రామ్ రాసినవాడిది.

రెండో దారికి ఇన్నో సెటప్‌లో రీస్టార్ట్‌రీప్లేస్ అనే ఫ్లాగ్ (స్క్రిప్ట్‌లో ఫైల్ లైన్‌కు చేర్చే గుర్తు) ఉంది. నెట్‌లో దొరికే స్క్రిప్టుల్లో కొందరు దీన్ని ప్రతి ఫైల్ లైన్‌కూ తగిలించేస్తుంటారు. దయచేసి అలా చేయకండి. రీస్టార్ట్ అయ్యేదాకా పాత ఫైలే నడుస్తుంటుంది, దాని చుట్టూ మిగతావి కొత్తవి వచ్చి కూర్చుంటాయి. ఒక కాలికి కొత్త చెప్పు, ఇంకో కాలికి పాత చెప్పు వేసుకుని నడిచినట్టే. ఇండికేటర్ నుంచి బరువు చదివే డీఎల్‌ఎల్ (ప్రోగ్రామ్ వాడుకునే సహాయక ఫైల్) పాతదై, దాన్ని వాడే ప్రోగ్రామ్ కొత్తదైతే తూకం సరిగ్గా వస్తుందని ఎవరు హామీ ఇస్తారు? అక్కడ తేడా వస్తే నష్టం రైతుకు. అందుకే పలు ప్రోగ్రాములు కలిసి వాడుకునే సిస్టమ్ ఫైల్స్‌కు తప్ప నేను ఆ ఫ్లాగ్ పెట్టను. పైగా దానికి అడ్మిన్ హక్కులు కావాలి. అవి లేకుండా నడిచే సెటప్‌లో అది పనికిరాదు.

పాత సాఫ్ట్‌వేర్ చూసుకునేవాళ్ళకు ఒక మాట. మన దగ్గర వేబ్రిడ్జి ప్రోగ్రాముల్లో విజువల్ బేసిక్ 6 (వీబీ6) అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసినవి ఇంకా నడుస్తున్నాయి. ఇండికేటర్ వైరు కలిసే సీరియల్ పోర్ట్ చదవడానికి అవి ఎమ్మెస్‌కామ్ ఓసీఎక్స్ ఫైల్ వాడతాయి. ఇన్నో సెటప్ మామూలుగా ఈఎక్స్ఈ, డీఎల్‌ఎల్, సీహెచ్‌ఎమ్ ఫైల్స్‌నే ఎవరైనా పట్టుకున్నారా అని చూస్తుంది. ఓసీఎక్స్ ఆ లిస్టులో లేదు. క్లోజ్ అప్లికేషన్స్ ఫిల్టర్ లైన్‌లో దాన్ని మనమే కలపాలి. కలపకపోతే ముందు పేజీలో అంతా బాగున్నట్టు కనిపించి, తీరా ఫైల్ కాపీ అయ్యే దగ్గర కోడ్ 5 ఎదురవుతుంది.

ఇక ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాడాల్సిన చోటు సైలెంట్ ఇన్‌స్టాల్. దూరం నుంచి అప్‌డేట్ పంపేటప్పుడు ఏ బాక్సూ కనిపించకూడదని వెరీసైలెంట్ అని పెడతాం. ఆ పద్ధతిలో రీస్టార్ట్ అవసరమని తేలితే ఇన్నో సెటప్ ఎవరినీ అడగకుండా కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసేస్తుంది. ఇది డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే రాసి ఉంది, కానీ అక్కడిదాకా చదివేవాళ్ళు ఎందరు? ఒక కంపెనీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇలాగే చెప్పాపెట్టకుండా రీస్టార్ట్ చేసి, మేం చూసే ఒక మిల్లులో చీటీ సగం ప్రింటైన దగ్గర పనంతా ఆపేసింది. డ్రైవర్ దిగొచ్చి కిటికీ దగ్గర నిలబడితే చేతికివ్వడానికి చీటీ లేదు. వెరీసైలెంట్ రాసిన ప్రతిచోటా పక్కనే నోరీస్టార్ట్ కూడా రాయాల్సిందే. దాంతోపాటు రీస్టార్ట్ ఎగ్జిట్ కోడ్‌కు (రీస్టార్ట్ అవసరమైతే సెటప్ ముగిసేటప్పుడు తిరిగిచ్చే నంబర్) 3010 ఇస్తాను. పని అయింది, రీస్టార్ట్ మాత్రం బాకీ ఉంది అని చెప్పడానికి విండోస్ ఇన్‌స్టాలర్ వాడే నంబరే అది. నా అప్‌డేటర్ ఆ నంబర్ చూసి ఊరుకుంటుంది, రాత్రి కాటా మూసే వేళకు ఆపరేటర్‌కు గుర్తుచేస్తుంది.

అన్నీ సరిగ్గా రాసినా రీస్టార్ట్ మేనేజర్ చేతులెత్తేసే సందర్భం ఒకటుంది. పగటి ఆపరేటర్ సైన్ అవుట్ చేయకుండా వెళ్ళిపోతాడు, రాత్రి ఆపరేటర్ స్విచ్ యూజర్ కొట్టి తన అకౌంట్‌లోకి వస్తాడు. మొదటి అకౌంట్‌లో ప్రోగ్రామ్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. వేరే సెషన్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ మేనేజర్ మూయదు. ఫైల్ చిక్కు అలాగే ఉండిపోతుంది. సైన్ అవుట్ అలవాటు చేయించడమే దీనికి నాకు తెలిసిన మందు.

ఏ మార్గమూ లేక రీస్టార్ట్ అడగాల్సి వస్తే, ఆ మాటలు మనకు నచ్చినట్టు మార్చుకునే వీలుంది. మెసేజెస్ సెక్షన్‌లో తెలుగు నేరుగా రాసుకోవచ్చు. నాది ఇలా ఉంటుంది: ‘కాటా మీద బండి లేనప్పుడు, లోపల టేర్ బాకీ ఉన్న బండ్లు లేనప్పుడు రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ సరిపోదు, రీస్టార్టే కొట్టండి.’ ఆ రెండో వాక్యం చాలా ముఖ్యం. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేసినా విండోస్ లోపలి భాగం నిద్రపోయి లేచినట్టే లేస్తుంది, కొత్తగా బూట్ కాదు. పెండింగ్ ఫైల్స్ అలాగే ఉండిపోతాయి. “రాత్రి ఆపేసి పొద్దున ఆన్ చేసినాం గదన్నా” అని ఆపరేటర్ చెప్పేది నిజమే, అయినా ఫైల్ మారదు. ఆ స్థితిలో అదే సెటప్‌ను మళ్ళీ నడిపితే, ముందు మొదలుపెట్టిన ఇన్‌స్టాల్ పూర్తికాలేదు, రీస్టార్ట్ చేసి రండి అని ఇన్నో సెటప్ అక్కడే ఆపుతుంది. సగం పని మీద ఇంకో సగం పని పేర్చకుండా అలా ఆపడం నాకు ఎంతో నచ్చిన గుణం.

ఇన్నో సెటప్‌లో అదనపు పనులకు కోడ్ రాసే పాస్కల్ స్క్రిప్ట్ నేర్చుకోవాలా అంటే, నా అవసరాలకు పెద్దగా అక్కర్లేకపోయింది. పది లైన్ల స్క్రిప్ట్‌తో మొదలుపెట్టవచ్చు. చిన్న ఊళ్ళలో ఒంటరిగా సాఫ్ట్‌వేర్ చేసి అమ్మేవాళ్ళకు ఇంతకంటే నమ్మకమైనది నా వాడకంలో తగల్లేదు. మిల్లుల యజమానులకు ఒక సలహా. వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ కొనేముందు డెమోలో ప్రోగ్రామ్ తెరిచి ఉంచి, ఒక బండికి గ్రాస్ తూయించి, అప్పుడు అప్‌డేట్ చేసి చూపించమనండి.