గ్లూకోమీటర్ కొని రెండేళ్లు: నన్ను నడిపించింది ఆ రెండో నెంబరే

సూది గుచ్చడం, చుక్క పెట్టడం, కాసేపటికి నెంబర్ రావడం, ఇదంతా అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తా. నేను చెప్పేది ఒక్కటే విషయం, నడకకి ముందు ఒకసారి, నడిచొచ్చాక ఒకసారి షుగర్ చూసుకోవడం గురించి.

నేను కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల మండీలో లెక్కలు రాస్తా. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేచేది లేదు. షుగర్ వచ్చినప్పటి నుంచి డాక్టరు, మా అక్క, మా ఇంటామె అందరూ నడువు నడువు అన్నోళ్లే. వారం నడవడం, మళ్లీ మానేయడం. నడిస్తే ఏం ఒరిగిందో కంటికి కనపడదు కదా, మూడు నెలల టెస్టు వచ్చేదాకా ఆగాల.

ఒకరోజు రాత్రి రాగి సంగటి తిన్న గంటకి చూస్తే 221. ఎందుకో మనసుకి పట్టక కేసీ కెనాల్ పక్కన 25 నిమిషాలు నడిచొచ్చి మళ్లీ చూశా, 169! నా కాళ్లతో నేను దించుకున్నా అన్న సంతోషంతో ఇంట్లో అందరికీ ఆ స్క్రీన్ చూపించా. నడవకపోయినా దిగేదేమో అని అనుమానం వచ్చి ఇంకోరోజు అంతే సంగటి తిని కదలకుండా కూర్చుని చూశా, 215 నుంచి 203కే వచ్చింది. ఆ రోజు నుంచి నాకు ఇంకెవ్వరూ చెప్పే పని పడలేదు.

టెన్షన్ సంగతి కూడా దీంతోనే తెలిసింది. ఉల్లి ధర పడిపోయి రైతులు కడుపు మండి అరుస్తుంటే, ఒక పక్క సేటు, ఒక పక్క లారీలోళ్లు, ఆ రోజు రోజూ తినే జొన్నరొట్టె, పప్పే తిన్నా 247 వచ్చింది. టెన్షన్ పడితే అడ్రినలిన్, కార్టిసాల్ లాంటివి ఊరి లివర్ దాచిపెట్టుకున్న చక్కెరని రక్తంలోకి వదిలేస్తుందని డాక్టరు చెప్పినాడు. ఇంతకుముందు అట్లాంటి రోజున ఇంటికొచ్చి పడుకునేవాణ్ణి, ఇప్పుడు సంచి ఇంట్లో పెట్టి అట్లే కెనాల్ వైపు పోతున్నా.

అయితే ఇదే మీటర్ ఒకసారి నా ప్రాణం తీసినంత పని చేసింది. పోయిన మే నెలలో రాత్రి పాపకి బేనిషా మామిడికాయ తొక్క తీసి ముక్కలు కోసిచ్చి, టవల్‌కి చేతులు తుడుచుకుని చెక్ చేసుకుంటే 342. నేను ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకోలేదు. గుండె దడదడ, చెమటలు, కిడ్నీలు పోతాయేమో, పాప చదువేం గావాల అని ఎన్ని ఆలోచనలో. చెప్పులేసుకుని గేటు దాకా పోయి, నర్సుగా చేసే మా అక్కకి ఫోన్ చేశా.

"చేతులు కడుక్కున్యావా?" అనింది.

"తుడుచుకున్యాక్కా."

"పండు గిండు పట్టుకున్యావా? సబ్బుతో కడిగి, బాగా ఆరబెట్టి, ఇంకో వేలుకి చూడుపో."

చూస్తే 158. వేలికి అంటిన మామిడి రసంలో చక్కెర ఆ చిన్న చుక్కలో కలిసి నెంబర్ని అంత పైకి లేపింది. అప్పటికి తప్పిందిగానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొదట్లో దీన్ని తెగ పొగిడి మండీలో నలుగురితో కొనిపించా, ఇప్పుడు కొంచెం ఆచితూచి చెప్తున్నా. మీటర్ ధర చూసి మోసపోవద్దు, రక్తం చుక్క పెట్టే స్ట్రిప్పులకే డబ్బులు, నాకు ఒక్కోటి 20 రూపాయల పైనే పడుతోంది. మన ఎండలకి వాటిని బండి డిక్కీలో పెట్టకూడదు, నా డబ్బా మీద 30 డిగ్రీలు దాటొద్దని రాసుంది. ఇంటి మీటర్లలో 15 శాతం దాకా అటూఇటూ ఉండొచ్చంట, అందుకే పది పాయింట్లు తగ్గితే సంబరపడటం, పెరిగితే కుంగిపోవడం రెండూ మానేశా. రోజుకి ఆరుసార్లు చూసుకున్న రోజుల్లో దీని వల్లనే టెన్షన్ ఎక్కువైంది, ఇప్పుడు వారానికి రెండుసార్లే ఈ జంట చెకింగ్.

నా మూడు నెలల సగటు (HbA1c టెస్టు, దీన్ని శాతంలో చెప్తారు) 8.9 నుంచి 7.4కి వచ్చింది, కానీ ఆ మధ్యలో డాక్టరు మాత్ర డోసు కూడా పెంచినాడు, అంతా నడకదే అనలేను. నేను మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడతా. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి నడిస్తే 70 కిందికి పడిపోయే భయం ఉంటుంది, వాళ్లు డాక్టర్ని అడిగి, జేబులో గ్లూకోజ్ పెట్టుకునే బయల్దేరండి. నాకైతే పనికొచ్చింది. ఉల్లి సీజన్ మొదలైతే మళ్లీ ఆ అరుపులు, ఆ లారీలు, అందుకే ఈ వారమే ఒక స్ట్రిప్పుల డబ్బా కొని బీరువాలో పెట్టా.