ఇంటి నుంచే ఇంటర్నేషనల్ బిజినెస్: మూడేళ్ల తర్వాత

ఇంటర్నేషనల్ బిజినెస్ అండ్ మేనేజ్‌మెంట్ డిగ్రీ ఈ ఏడాదే పూర్తయింది. మూడేళ్లూ ఇంట్లోనే ఉండి, రోజూ బస్సులో వెళ్లొస్తూ చదివాను. పోను నలభై నిమిషాలు, రాను నలభై నిమిషాలు. "ప్రపంచ వ్యాపారం చదువుతూ ఊరు దాటవా?" అని ఎవరైనా అంటే మొదట్లో నవ్వేసి ఊరుకునేదాన్ని.

రెండో సెమిస్టర్‌లో ఉప్సాలా మోడల్ చెప్పారు. యోహాన్సన్, వాల్నే అనే ఇద్దరు 1977లో ప్రతిపాదించింది. కంపెనీలు ఒక్కసారిగా ప్రపంచం మీద పడవని, ముందు తమకు పరిచయమున్న దేశాలకు వెళ్లి, అనుభవం వచ్చేకొద్దీ దూరం జరుగుతాయని దాని సారాంశం. ఆ రోజు నుంచి అడిగినవాళ్లందరికీ అదే నా జవాబు.

ఇంటి దగ్గర చదవడంలో అసలు లాభం డబ్బు ఒక్కటే కాదు, టైమ్. వంట, బట్టలు, గది వెతుకులాట లేవు. ఆ టైమంతా నన్ను ఏడిపించిన సబ్జెక్టులకు పెట్టాను. ఉదాహరణకు ఇన్‌కోటర్మ్స్, అంటే దేశాల మధ్య సరుకు అమ్మేటప్పుడు ఏ ఖర్చు, ఏ రిస్క్ ఎవరిదో చెప్పే నిబంధనలు. 2020 వెర్షన్‌లో 11 నిబంధనలు ఉన్నాయి, అన్నీ మూడక్షరాల పేర్లే. వాటిలో ఒకటైన సీఐఎఫ్‌లో ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ రెండూ అమ్మేవాడే కడతాడు. కాబట్టి అవతలి రేవుకు చేరేదాకా రిస్క్ కూడా అతనిదేనని పరీక్షలో ధీమాగా రాశాను. తప్పు. బయల్దేరే రేవులో సరుకు ఓడ ఎక్కిందంటే రిస్క్ కొనేవాడి నెత్తిన పడుతుంది. కిరాయి ఒకరిది, దిగులు ఇంకొకరిది! సగం మార్కులు పోయాయి గానీ, ఇక జన్మలో మర్చిపోను.

ఇబ్బంది గ్రూప్ ప్రాజెక్టులతోనే. మిగతావాళ్లంతా హాస్టల్లో ఉండేవాళ్లు. నేను ఇల్లు చేరాక, రాత్రి పదిన్నరకు మెసేజ్: "స్లైడ్లు మార్చేశాం, రేపు నువ్వు మూడోది చెప్పు." ఆ మూడోది ఎందుకు మారిందో నాకు తెలియదు. నిర్ణయాలన్నీ కారిడార్‌లోనే అయిపోయేవి.

దానికంటే పెద్ద లోటు ఇంకొకటి ఉంది. 1997లో జర్మనీలో అడుగుపెట్టిన వాల్‌మార్ట్ 2006లో ఎందుకు తప్పుకుందని ఒకరోజు చర్చ. తలుపు దగ్గర నిలబడి నవ్వుతూ పలకరించే ఉద్యోగులు అక్కడి జనానికి నచ్చలేదని చదివాం. నవ్వితే ఎవరికి కోపం వస్తుందని అందరం ఒకే మాట. క్లాసు మొత్తానికి బయటి దేశం నుంచి వచ్చిన ఒక్క అమ్మాయి మాత్రం, "తెలియని మనిషి నన్ను చూసి ఎందుకు నవ్వాలి? నేనైతే పక్క షాపుకి వెళ్తా" అంది. చదివినప్పుడు అర్థం కానిది అప్పుడు అర్థమైంది. అలాంటివాళ్లు క్లాసులో ఇంకో నలుగురు ఉంటే ఎంత బాగుండేదో.

అందుకే దగ్గర్లోని కాలేజీలో చేరేవాళ్లు బిజినెస్ స్కూళ్లకు ఇచ్చే ఏఏసీఎస్‌బీ, ఈక్విస్ లాంటి అంతర్జాతీయ గుర్తింపులతో పాటు ఇంకో మాట కూడా అడగండి: ఎక్స్‌ఛేంజ్ సెమిస్టర్ (ఒక సెమిస్టర్ విదేశీ కాలేజీలో చదవడం) ఉందా, అక్కడి క్రెడిట్లు ఇక్కడ లెక్కలోకి వస్తాయా? మా దగ్గర ఉంది. రోజూ ఇంటి భోజనానికి అలవాటు పడి, తర్వాత చూద్దాంలే అని నేనే వదిలేశాను. మూడో ఏడాదిలో వెళ్లి అడిగితే గడువు ఎప్పుడో అయిపోయిందన్నారు.

మళ్లీ చేరమన్నా ఇంటి దగ్గరే చేరతాను. ఆ ఎక్స్‌ఛేంజ్ ఫారం మాత్రం మొదటి ఏడాదే ఇచ్చేస్తాను.