గోవా ఐరన్‌మ్యాన్ 70.3: సైకిల్ కంటే ముందు గది చూసుకోండి

ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ గోవాలో మిరామార్ బీచ్ దగ్గర జరుగుతుంది. ఆ బీచ్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో గది దొరికిందని వెంటనే అడ్వాన్స్ కట్టకండి. ముందు ఫోన్ చేసి అడగాల్సినవి మూడున్నాయి. సైకిల్‌ని గదిలోకి రానిస్తారా? తెల్లవారుజామున మూడున్నరకి తినడానికి ఏమిస్తారు? ఆ వేళ గేటు ఎవరు తీస్తారు? జవాబులు వాట్సాప్‌లో రాయించుకోండి.

మేం దిగిన లాడ్జివాళ్ళు ఫోన్లో అన్నిటికీ సరే అన్నారు. రాత్రికి 3,400 చొప్పున మూడు రాత్రులకి 10,200 ముందే కట్టించుకున్నారు. తీరా దిగాక సైకిల్ మెట్ల కింద పెట్టమన్నారు. అక్కడ స్కూటర్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి. వెనక చక్రం దగ్గర గేర్లు మార్చే రేర్ డెరైలర్ మీద ఒక్క హ్యాండిల్ పడితే దాన్ని పట్టుకుని ఉండే హ్యాంగర్ వంగిపోతుంది, ఇక గేర్లు సరిగా పడవు. గదిలో పెట్టుకుంటామంటే టైల్స్ పాడవుతాయంటూ రోజుకు 300 అదనంగా గుంజారు. ప్యాక్ చేసి ఇస్తామన్న టిఫిన్ ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడిన శాండ్‌విచ్. మూడున్నరకి గేటుకి తాళం, కాపలా మనిషి ఎక్కడో నిద్ర. మమ్మల్ని సాగనంపడానికి లేచిన బావగారు ఆ గేటు దగ్గర పావుగంట కేకలు వేసి, మధ్యాహ్నం దాకా ముభావంగానే ఉన్నారు. దూరానికి పదికి తొమ్మిది మార్కులు, మాట నిలబెట్టుకోవడానికి సున్నా.

అలాగని దూరంగా చవక గది తీసుకోవడమూ పొరపాటే. పోటీ రోజు మిరామార్ చుట్టూ రోడ్లు మూసేస్తారు, టాక్సీ లోపలికి రాదు. ఓలా, ఊబర్ గోవాలో లేవు. గోవామైల్స్ యాప్ ఉంది గానీ సైకిల్ పెట్టెకి పెద్ద బండే కావాలి. మోపా విమానాశ్రయం నుంచి మిరామార్‌కి మేం ఇచ్చింది 2,100.

సికింద్రాబాద్ నుంచి వాస్కో ఎక్స్‌ప్రెస్ గుంతకల్లు, హుబ్బళ్ళి మీదుగా వెళ్తుంది. తీరికుంటే అదే హాయి. విమానమైతే ఎకానమీ టికెట్‌కి సాధారణంగా 15 కిలోలే. సైకిలూ పెట్టే కలిపి 20 దాటుతాయి, అదనపు బరువు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. సర్దేటప్పుడు ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోండి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. డెరైలర్‌ని హ్యాంగర్ నుంచి విప్పి ఫ్రేము లోపలికి కట్టేయండి. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులైతే చక్రం తీశాక ప్యాడ్ల మధ్య అట్టముక్కో స్పేసరో పెట్టాలి. లేకపోతే లివర్ నొక్కుకుపోయి ప్యాడ్లు అతుక్కుపోతాయి, గోవాలో దిగాక డిస్క్ దూరదు. సీటు కడ్డీ (సీట్‌పోస్ట్) తీసే ముందు దాని ఎత్తు గుర్తుగా టేపు చుట్టండి. గాలి నింపే సీఓ2 గుళికల్ని విమానాశ్రయంలో ఆపేస్తారు, చేతిపంపు తీసుకెళ్ళండి.

ముందురోజు సైకిల్‌ని ట్రాన్సిషన్‌లో, అంటే ఈత నుంచి సైకిల్‌కి మారే చోట, వదిలేటప్పుడు టైర్లలో గాలి కొంత తగ్గించండి. మధ్యాహ్నపు ఎండకి బిగిసిన ట్యూబు పేలిపోవచ్చు. ఉదయం వెళ్ళి మళ్ళీ నింపుకోవచ్చు.

ఈత 1.9 కిలోమీటర్లు. అక్కడే మాండవి నది సముద్రంలో కలుస్తుంది కాబట్టి నీళ్ళు మసకగా ఉంటాయి, చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. ఆరేడు బారలకోసారి తలెత్తి దారి చూపే బోయా (నీటి మీద తేలే గుర్తు) చూసుకోకపోతే ప్రవాహం పక్కకి లాగేస్తుంది. ఈతకి గంటా పది నిమిషాల గడువు, మొత్తానికి ఎనిమిదిన్నర గంటలు. ఉప్పునీళ్ళకి మెడ ఒరుసుకుపోతుంది, వాజలిన్ దట్టంగా రాయండి. సైకిల్ 90 కిలోమీటర్లలో ముందున్న సైకిల్‌కి 12 మీటర్ల ఎడం ఉండాలి, ఆ ఎడంలోకి వెళ్తే 25 సెకన్లలో ఆ సైకిల్‌ని దాటెయ్యాలి. పట్టుబడితే 5 నిమిషాల శిక్ష.

అయినా చాలామందిని పడగొట్టేది చివరి 21.1 కిలోమీటర్ల పరుగే, అదీ తిండి లెక్క తప్పడం వల్ల. సైకిల్ మీద గంటకి కనీసం 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్ళలో కలిపితే 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ వస్తాయి. ఉప్పుకి సరిపోతుంది, శక్తికి చాలదు. ఆ మిగతాది ఎనర్జీ జెల్, అరటిపండు, ఖర్జూరం. ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తీపి పానీయాల డబ్బాలపై హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళపాటు పోరాడాక 2025 అక్టోబరులో ఆ పేరు వాడకూడదని ఆదేశాలొచ్చాయి. మందుల షాపులో పొడి ప్యాకెట్టే అడగండి.

ఈ యాత్రలో మనసు నింపింది గోవా రొట్టె. పొదేర్ అనే రొట్టెలాయన తెల్లారేసరికి సైకిల్ మీద హారన్ మోగిస్తూ వస్తాడు. మామూలు రోజుల్లో తవుడుతో చేసే పొయ్ తినండి, అద్భుతం. పోటీ ముందురోజు మాత్రం దాంట్లో పీచు ఎక్కువ కాబట్టి తెల్ల పావ్ కొని దాచుకోండి. తేనె రాసుకుని తింటే ఆ శాండ్‌విచ్ కంటే వెయ్యి రెట్లు మేలు. రొయ్యల కూర పోటీ అయ్యాకే.

ఈ పోటీ పేరుతో ఏదైనా సేవాసంస్థకి విరాళాలు సేకరిస్తుంటే, వాటి సంగతి. ఎంట్రీ ఫీజు, టికెట్లు, గది మీ జేబులోంచే పెట్టుకోండి, ఆ మాట విరాళాల పేజీలో మొదటి వాక్యంగా రాయండి. అడిగినవాళ్ళు ఆ డబ్బు గోవా షికారుకి పోతుందనుకోకూడదు. సొమ్ము మీ ఖాతాలోకి కాక నేరుగా సంస్థకే వెళ్ళాలి. 80జీ పేరుతో అందరికీ తెలిసిన విరాళాల పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది, 2,000 దాటిన నగదుకి రాదు. అమెరికాలో ఉన్న తమ్ముడు భారత పాస్‌పోర్టుతోనే ఉంటే అతను బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న అక్క పంపితే మాత్రం ఆ సంస్థకి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. లింకు పంపే ముందే సంస్థని అడిగి తేల్చుకోండి. దాతలకి మినహాయింపు కోసం సంస్థ ఇచ్చే విరాళ ధ్రువపత్రం ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే మే 31లోగా అందాలి. దానికి పాన్ నంబరు కావాలి కాబట్టి డబ్బు ఇచ్చినప్పుడే తీసుకోమని సంస్థకి చెప్పండి.