అలెక్సా ఫ్లూర్ 488 అతికించిన డీఎం1ఏ ట్యూబ్యులిన్ యాంటీబాడీ: రెండేళ్లకు పైగా వాడాక

గుంటూరు, విజయవాడల్లో సెల్ బయాలజీ చేస్తున్న పరిశోధక విద్యార్థుల కోసం రాస్తున్నాను కాబట్టి అసలు మాట ముందే చెబుతాను. ట్యూబ్యులిన్ (కణంలో మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నని పోగుల్ని కట్టే ప్రోటీన్) ఒక్కటే చూడాలంటే, అలెక్సా 488 అనే పచ్చగా వెలిగే రంగు నేరుగా అతికించిన ఈ డీఎం1ఏ యాంటీబాడీకి డబ్బు పెట్టకండి. రంగులేని మామూలు డీఎం1ఏ, దాని మీద రంగున్న సెకండరీ (మొదటిదాన్ని పట్టుకునే రెండో యాంటీబాడీ) వేస్తే సరిపోతుంది. ఖర్చు తక్కువ, వెలుగు ఎక్కువ. ఒకే స్లైడ్ మీద మౌస్ నుంచి వచ్చిన రెండు యాంటీబాడీలు వాడక తప్పదనుకున్నప్పుడు మాత్రం తప్పకుండా కొనండి.

మా అవసరం అదే. హీలా కణాల్లో (ల్యాబుల్లో పెంచే మనిషి కణాలు) మైక్రోట్యూబ్యూల్స్, విమెంటిన్ అనే మరో ప్రోటీన్ పోగులు పక్కపక్కనే ఎలా పరుచుకుంటాయో చూడాలి. విమెంటిన్‌కి వాడేది వీ9 క్లోన్ అనే యాంటీబాడీ. అదీ మౌస్‌దే, డీఎం1ఏ కూడా మౌస్‌దే. యాంటీ మౌస్ సెకండరీ పోస్తే రెండింటికీ అంటుకుంటుంది, ఏ పోగు ఏదో తేలదు. సబ్‌క్లాస్‌ని బట్టి వేరుచేసే సెకండరీలు ఉన్నాయి కానీ, ఈ రెండూ ఐజీజీ1 అనే ఒకే సబ్‌క్లాస్ కావడంతో ఆ దారి కూడా లేదు. రంగు నేరుగా డీఎం1ఏకే అతికించి ఉంటే దానికి సెకండరీ అవసరమే ఉండదు.

రెండింటినీ రంగు వేసినవే కొనక్కర్లేదు. మేం ముందు మామూలు వీ9 పోస్తాం, తర్వాత ఎర్ర రంగు సెకండరీ. బాగా కడిగాక మౌస్ సీరమ్ పోసి కాసేపు ఉంచుతాం. సెకండరీలో ఖాళీగా మిగిలిన చోట్లన్నీ దాంతో నిండిపోతాయి. అప్పుడు చివర్లో రంగున్న డీఎం1ఏ. ఈ వరస తిరగేస్తే మొత్తం ప్రయోగం పాడవుతుంది. ఇంకో సంగతి, వీ9 మౌస్ కణాల్లోని విమెంటిన్‌ని గుర్తించదు. 3టీ3 లాంటి మౌస్ కణాలతో పనిచేసేవాళ్లు వేరే క్లోన్ చూసుకోవాలి. డీఎం1ఏకి ఆ ఇబ్బంది లేదు. కోడి మెదడు ట్యూబ్యులిన్ మీద తయారైనదే అయినా మనిషి, మౌస్, ర్యాట్ కణాలన్నిట్లో పనిచేస్తుంది, ఎందుకంటే ఆల్ఫా ట్యూబ్యులిన్ జంతువుల్లో పెద్దగా మారలేదు.

ఇక వెలుగు సంగతి. సెకండరీ పద్ధతిలో ఒక్కో ప్రైమరీ (మొదటి యాంటీబాడీ) మీద రంగున్న సెకండరీలు చాలా వచ్చి కూర్చుంటాయి. ఇందులో యాంటీబాడీకి అతికించిన నాలుగైదు రంగు అణువులే దిక్కు. కాబట్టి సెకండరీకి 1:500 పలచన సరిపోయిన చోట దీన్ని 1:50 నుంచి 1:100 మధ్య వాడాల్సి వస్తోంది, వయల్ త్వరగా అయిపోతుంది. మాది కాన్‌ఫోకల్ కాదు, మామూలు ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్. ఎక్స్‌పోజర్ పెంచక తప్పదు. అయినా కణం అంచుల్లో, పల్చగా ఉన్న చోట ఒక్కో పోగూ విడిగా కనబడుతుంది. న్యూక్లియస్ చుట్టూ మాత్రం మసకే. విభజన జరుగుతున్న కణాల్లో స్పిండిల్ (క్రోమోజోముల్ని లాగే పోగుల అమరిక) మాత్రం చాలా బాగా వస్తుంది, అక్కడ మైక్రోట్యూబ్యూల్స్ దట్టంగా కట్టలు కట్టి ఉంటాయి కదా. పైగా బ్యాక్‌గ్రౌండ్ చాలా శుభ్రంగా ఉంటుంది. పాత పచ్చ రంగు ఎఫ్ఐటీసీతో పోలిస్తే 488 నెమ్మదిగా వెలిసిపోతుంది, పీహెచ్ కాస్త తగ్గినా వెలుగు పడిపోదు. ఆ ఎఫ్ఐటీసీతో ఫోటో తీసేలోపే రంగు పోతుందేమోనని పడిన టెన్షన్ ఇప్పుడు లేదు.

అయితే ఏ కంపెనీ వయల్ కొన్నా, ఫలితం తేల్చేది ఫిక్సేషనే, అంటే కణాల్ని ఉన్నవి ఉన్నట్టే గట్టిపరచడం. మైక్రోట్యూబ్యూల్స్ చలికి విడిపోతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన పీబీఎస్‌తో (కణాల్ని కడిగే ఉప్పు బఫర్) బతికున్న కణాల్ని కడిగితే యాంటీబాడీ పోయకముందే సగం పోగులు కరిగిపోతాయి. కడిగేది, ఫిక్స్ చేసేది రెండూ 37 డిగ్రీల దగ్గరే ఉండాలి. మైనస్ 20 డిగ్రీల మెథనాల్ మాత్రం మినహాయింపు. అది క్షణాల్లో ప్రోటీన్లను గట్టిపరుస్తుంది కాబట్టి విడిపోయే సమయం ఉండదు. డీఎం1ఏకి మెథనాల్ బాగా నప్పుతుంది. కానీ అదే స్లైడ్ మీద ఫాలాయిడిన్‌తో యాక్టిన్ కూడా చూడాలంటే మెథనాల్ పనికిరాదు. ఫాలాయిడిన్ పట్టుకునే యాక్టిన్ పోగుల రూపాన్ని మెథనాల్ చెడగొడుతుంది. అప్పుడు పిప్స్, ఈజీటీఏ, మెగ్నీషియం ఉన్న వెచ్చని బఫర్‌లో అప్పటికప్పుడు చేసిన 4 శాతం పారాఫార్మాల్డిహైడ్ వాడి, తర్వాత యాంటీబాడీ లోపలికి వెళ్లేలా కణాల పొరకు రంధ్రాలు చేసే ట్రైటాన్ వేయాలి. కాల్షియాన్ని పట్టేసే ఈజీటీఏ ఎందుకంటే, కాల్షియం ఉన్నా మైక్రోట్యూబ్యూల్స్ విడిపోతాయి.

నిజమైన పోగునే చూస్తున్నామా అన్న అనుమానం తీరాలంటే ఒక కవర్‌స్లిప్‌కి నోకొడజోల్ (మైక్రోట్యూబ్యూల్స్‌ని విడగొట్టే మందు) ఇచ్చి చూడండి. పోగులు మాయమై పచ్చదనం అంతా మసకగా పరుచుకోవాలి. దాంతోపాటు అదే రంగున్న ఐజీజీ1 ఐసోటైప్ కంట్రోల్ (కణంలో దేన్నీ పట్టుకోని అదే రకం యాంటీబాడీ) కూడా ఉంచండి. రంగులేని కంట్రోల్ పెట్టి సరిపెట్టుకున్న థీసిస్‌లు చూస్తే నాకు బాధేస్తుంది.

రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే మన ఊళ్లకు ఈ సరుకు తెప్పించుకోవడమే పెద్ద పని. ఒక వేసవిలో మా పార్సిల్ వారాంతమంతా కొరియర్ గోడౌన్‌లోనే ఉండిపోయింది. తెరిస్తే ఐస్ ప్యాకులు వేడి నీళ్లయి ఉన్నాయి. ఆ వయల్‌లో పోగులకు బదులు చుక్కలు చుక్కలుగా రంగు వచ్చింది. మైక్రోఫ్యూజ్‌లో తిప్పి పైది తీసి వాడితే చుక్కలు తగ్గాయి కానీ వెలుగు మళ్లీ రాలేదు. అప్పట్నుంచి ఆర్డర్లన్నీ నవంబరు నుంచి ఫిబ్రవరి లోపే పెడుతున్నాం, అదీ సోమవారం బయల్దేరేలా. వచ్చాక 4 డిగ్రీల్లో, అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఫ్రిజ్ లోపలి అరలో ఉంచాలి. తలుపు అరలో పెడితే తెరిచిన ప్రతిసారీ వేడి తగులుతుంది. రంగు వేసిన యాంటీబాడీని ఫ్రీజ్ చేయకూడదు. కాబట్టి కరెంటు పోయినా ఫ్రిజ్ నడిచేలా ఇన్వర్టర్ ఉన్న గదిలోనే దీనికి చోటివ్వండి. అలా ఉంచిన వయల్, లేబుల్ మీద రాసిన తేదీ దాటాక కూడా మాకు స్పిండిల్‌ని చక్కగా చూపించింది. ప్రచురణకు తీసే ఫోటోలకు మాత్రం కొత్త వయలే తెరుస్తున్నాం.